లేని గీత

గీతలమ్మను మనం వారం రోజులుగా ఫ్రీజర్ గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, చేతిలో ఆరు వందల పద్నాలుగో నంబరు డబ్బీ, ఒంటి మీద పల్చటి తెల్లకోటు, ముఖానికి కొడుతున్న గడ్డకట్టిన గాలి. ఇంకాసేపు అలాగే ఉంచితే ఆవిడ కూడా అక్కడి నమూనాల్లో ఒకటై కూర్చుంటుంది. అందుకని ముందు తలుపు వేయించి ఇవతలికి తీసుకొద్దాం.

ఈ వారమే వచ్చి చేరినవాళ్లకు నాలుగు ముక్కల్లో సంగతి ఇది. ఈవిడ క్షయ పరీక్షలు చేసే లాబ్‌లో ఇరవై రెండేళ్లుగా టెక్నీషియన్. అసలు పేరు జీతం కాగితాల్లో ఉంది కానీ, ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. వేలెడు పొడవు కాగితపు పట్టీల మీద గీతలు చూసి, రోగి ఒంట్లోని క్రిమి ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో చెబుతుంది. అందుకే గీతలమ్మ. ఈమధ్య లాబ్‌కు క్రిమి జన్యువులను మొదటి నుంచి చివరి దాకా చదివే యంత్రం వచ్చింది. అది సరిగ్గా చదువుతోందో లేదో చూడటానికి పాత నమూనాలు రెండు వందలు బయటికి తీశారు. ఐదేళ్ల కిందటి ఆరు వందల పద్నాలుగు దగ్గర యంత్రం చెప్పిందీ, గీతలమ్మ అప్పట్లో రాసిందీ పొసగలేదు. డబ్బీ మారిపోయిందేమోనన్న ఆశతో ఆవిడ ఫ్రీజర్ దాకా పరిగెత్తింది. నమూనాల మీద పేర్లుండవు, నంబర్లే. కానీ ఆ నంబరు ఎవరిదో లాబ్ మొత్తంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. అది ఆవిడ తమ్ముడిది.

డబ్బీ మారలేదు. చీటీ మీద అంకెలు ఆవిడ చేతివే. నాలుగు అంకెకు తోక పొడుగ్గా లాగడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటు, టీచర్లు తిట్టినా పోలేదు. డబ్బీని మళ్లీ దాని గూట్లో పెట్టి, తలుపు మూసి, గొళ్లెం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది. వేరే ఏం చేయాలో తోచక చేసిన పని అది.

ఇంతకీ యంత్రం ఏం చెప్పిందో చెప్పుకోవాలి. ఐదేళ్ల కిందట ఆ నమూనాకు పట్టీ పరీక్ష చేసినప్పుడు ఒక గీత రాలేదు. పట్టీ మీద ఒక్కో గీతకూ జన్యువులో ఒక్కో చోటు. గీత వచ్చిందంటే ఆ చోటు మామూలుగా ఉన్నట్టు. రాలేదంటే అక్కడ ఏదో మారినట్టు. మారితే రిఫాంపిసిన్ అనే ఎర్ర క్యాప్సూల్ ఆ క్రిమిని పట్టుకోలేదని లెక్క. అది పనిచేయకపోతే ఆరు నెలల మామూలు మాత్రలతో జబ్బు పోదు. అప్పట్లో దానికి ఒకటే దారి. ఎనిమిది నెలలు రోజూ సూది, రెండేళ్ల పాటు గుప్పెడు మాత్రలు. ఆ సూది మందు క్రిములతో పాటు కొందరి చెవులను కూడా తినేస్తుందని డాక్టర్లందరికీ తెలుసు. తమ్ముడి చెవులను తినేసింది.

ఇప్పుడు యంత్రం చెప్పేదేమిటంటే, అక్కడ మార్పు ఉన్న మాట నిజమే కానీ అది ఉత్త మార్పట. జన్యువులో చిన్న తేడా వచ్చింది, ఆ జన్యువును బట్టి క్రిమి తయారు చేసుకునే ప్రోటీన్‌లో మాత్రం వీసమంత తేడా లేదు. మందు ఎక్కడ పట్టుకోవాలో ఆ చోటు చెక్కుచెదరకుండా ఉంది. పట్టీకి అంత వివరం తెలియదు. తేడా కనిపించగానే గీత మానేసి ఊరుకుంది. అంటే ఎర్ర క్యాప్సూల్ తమ్ముడికి నిక్షేపంగా పనిచేసేది. ఆరు నెలలు మింగి, చేతులు దులుపుకుని, మళ్లీ తన మెకానిక్ షెడ్డులో ఇంజన్ల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

ఆ మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ ఆవిడను గదిలోకి పిలిచింది. పెద్ద అనడం కుర్చీని బట్టే, వయసులో గీతలమ్మ కన్నా పదిహేనేళ్లు చిన్నది. మంచి మనిషి. యంత్రం ఇలాంటివి మొత్తం మూడు పట్టుకుందనీ, ఈ రకం మార్పులున్నాయని ఆ రోజుల్లో ఇక్కడ ఎవరికీ అంతగా పట్టింపు లేదనీ, గీత రాకపోతే మందు పనిచేయదని రాయమన్నది అప్పటి నియమమేననీ ఓపిగ్గా చెప్పింది. గీతలమ్మ తల ఊపుతూ కూర్చుంది. ఊపడం ఎక్కడ ఆపాలో తెలియలేదు.

తర్వాత డాక్టరమ్మ ఫైలులో ఇంకో కాగితం తిప్పింది. తిప్పి ఆగిపోయింది.

ఆ కాగితం సంగతి గీతలమ్మకు తెలుసు. ఐదేళ్లుగా దాన్ని తలుచుకోకుండా ఉండటానికి ఆవిడ చాలా పాట్లు పడింది. పట్టీ పరీక్ష రెండు రోజుల్లో తేలిపోతుంది. దానితో పాటు కల్చర్ అని ఇంకొకటి పెడతారు. క్రిములను ట్యూబుల్లో వేసి, కొన్నిటిలో మందు కలిపి, వారాల తరబడి పెంచుతారు. మందు ఉన్న ట్యూబులో కూడా అవి పెరిగితే మందు దండగ అని అర్థం. తమ్ముడి కల్చర్ ఆరు వారాలకు వచ్చింది. మందున్న ట్యూబులో ఒక్క క్రిమి కూడా పెరగలేదు. అప్పటి పెద్ద డాక్టరు, ఇప్పుడు రిటైరైపోయాడు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి దేన్ని నమ్ముదామని గీతలమ్మనే అడిగాడు. ఆ విషయంలో ఆవిడ మాటంటే ఆయనకు గురి. వేరే ఎవరి నమూనా అయినా మళ్లీ పరీక్ష పెడదాం సార్ అనేది. కానీ అప్పటికి ఆ నంబరు ఎవరిదో తెలిసిపోయింది. తమ్ముడు ఆసుపత్రి చీటీ పట్టుకుని ఇంటికి వచ్చిన రోజు, చీటీ మూల ఆరు వందల పద్నాలుగు చూసి, ఆవిడ వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది. మళ్లీ పరీక్ష అంటే ఇంకో ఆరు వారాలు. ఈలోగా కల్చర్‌ను నమ్మి సూదులు ఆపేస్తే, ఒకవేళ పట్టీయే నిజమైతే, తమ్ముడు దక్కడు. ఆవిడ కలం తీసి కల్చర్ కాగితం మీద రాసేసింది. ట్యూబులో క్రిమి నీరసంగా ఉంది, ఈ ఫలితం నమ్మదగినది కాదు. కింద సంతకం.

అప్పటికి వాడి చెవులు బాగానే ఉన్నాయి. నాలుగో నెలలో కదా పోవడం మొదలైంది.

డాక్టరమ్మ ఆ నాలుగు మాటలూ చదివి, గీతలమ్మ ముఖం చూసి, ఫైలు నెమ్మదిగా మూసింది. పైకి పంపే జాబితాలో నంబర్లు తప్ప ఏమీ ఉండవని చెప్పింది. ఈ రెండో కాగితం తన కంట పడనట్టే లెక్క అని కూడా చెప్పింది.

"ఆ పేషెంటు ఎవరో, ఎక్కడున్నాడో. ఇప్పుడు వెతికి పట్టుకుని చెప్తే మాత్రం ఏం లాభం చెప్పండి. ఆ సూదులకు చెవులు పోయి ఉంటే ఇప్పుడు రావు కదా."

"రావు మేడమ్."

"మీరు మనసులో పెట్టుకోకండి."

గీతలమ్మ థాంక్స్ చెప్పి లేచింది. ఆ థాంక్స్ ఆవిడ నోటికి రెండు రోజుల పాటు చేదుగా తగులుతూనే ఉంది.

ఆవిడ పనిచేసే గది చూడాలి మీరు. రెండు తలుపులు, ఒకటి మూస్తే గానీ రెండోది తెరుచుకోదు. లోపలి గాలి బయటికి రాదు. ముక్కూ నోరూ బిగించే మాస్కు, చేతులకు రెండు జతల గ్లౌజులు. ఒకసారి లోపలికి వెళ్తే మూడు గంటలు మనిషి మాట వినబడదు, తన మాట ఎవరికీ వినబడదు. ఏమైనా కావాలంటే కాగితం మీద రాసి అద్దానికి ఆనించాలి. పని ముగించి ఇంటికి పోతే అక్కడా అంతే. రెండు గదులు, ఒక కుర్చీ, కిటికీ అవతల పక్క బిల్డింగు గోడ. పెళ్లయి మూడేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. పాలు పోసే అతను సంచీలో పాకెట్టు పడేసి వెళ్లిపోతాడు. కొన్ని సోమవారాలు లాబ్‌లో మొదటి మాట మాట్లాడబోతే గొంతు పెగలక దగ్గు వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు కొంచెం దూరం జరుగుతారు, ఎంతైనా క్షయ లాబ్ కదా. ఆవిడకు నవ్వొస్తుంది. నవ్వినా మాస్కులో కనబడదు.

ఆవిడకంటూ మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆదివారం పొద్దున వండి, కేరేజీ సర్ది, బస్సెక్కి తమ్ముడి షెడ్డుకు వెళ్తుంది. ఇద్దరూ కలిసి తింటారు. ఒకడు వినలేడు, ఒకరికి మాట్లాడే అలవాటు తప్పిపోయింది, కాబట్టి భోజనం ప్రశాంతంగా సాగుతుంది. అయినా వారం మొత్తంలో తను ఒక మనిషి ఎదురుగా కూర్చునేది ఆ గంటే. ఆ గంట పోతుందేమోనని ఆవిడ శనివారమంతా కాలు కాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లో తిరిగింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే తమ్ముడు కూడా ఉండడు. డాక్టరమ్మ మాట చెవిలో పోరుతూనే ఉంది. చెప్తే మాత్రం ఏం లాభం.

ఆదివారం పన్నెండింటికి షెడ్డు ముందు బస్సు దిగింది. తలెత్తితే బోర్డు. నీలం మీద పసుపు అక్షరాలు. అక్క మోటార్ వర్క్స్.

ఆ బోర్డు గురించి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. జబ్బు తగ్గి షెడ్డు మళ్లీ తెరిచిన రోజు తమ్ముడు పాత బోర్డు పీకించి ఇది పెట్టించాడు. వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు, మా అక్క ఒక్క గీత చూసి నన్ను బతికించిందని. ఒకప్పుడు అతను ఊళ్లో పేరున్న ఇంజను మెకానిక్. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఏ భాగం అరిగిందో చెప్పేవాడు. ఇప్పుడు ఇంజన్లు అతని దగ్గరికి రావు. బ్రేకులు, టైర్లు, అద్దాలు, సీట్లు. ఆ స్క్రూడ్రైవర్ గోడకు మేకు కొట్టి తగిలించాడు. పారేయలేదు, వాడడు. ఇల్లు మూగదైపోయిందని మరదలు మూడేళ్లు ఓర్చుకుని, రెండేళ్ల కిందట కూతుర్ని తీసుకుని పుట్టింటి ఊరికి వెళ్లిపోయింది. తిట్టుకుని విడిపోలేదు. తిట్టుకోవడానికైనా వినబడాలి కదా.

షెడ్డులో ఒక కారు జాకీ మీద ఎడమవైపు లేచి ఉంది. గోడకు నల్ల రంగు పూసిన రేకు ఉంది, పక్కన డబ్బాలో సుద్దముక్కలు. వచ్చినవాళ్లు బండికేం జబ్బో దాని మీద రాయాలి. ఆ రోజు రేకు మీద, ముందు ఎడమ చక్రం దగ్గర చప్పుడు వస్తోంది, అని రాసి ఉంది. చెవిటివాడికి చప్పుడు గురించి రాసిన ఆ మహానుభావుడు, కారు డ్రైవరు, స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

తమ్ముడు అక్కను చూసి చేతులు తుడుచుకున్నాడు. డ్రైవరు భుజం తట్టి ఆవిడ వైపు చూపించాడు. వినబడక అతని గొంతుకు హద్దు తెలియదు, షెడ్డు రేకులు అదిరేలా వస్తుంది.

"ఈవిడే మా అక్క. బోర్డు మీద ఉంది చూడు, ఆవిడే. ఈవిడ చూసి చెప్పబట్టి ఇవాళ నీ చక్రం విప్పడానికి నేనున్నాను."

డ్రైవరు లేచి గౌరవంగా తల వంచాడు. సాయంత్రం వస్తానని సైగ చేసి వెళ్లిపోయాడు. గీతలమ్మకు నేల చీలినా బాగుండుననిపించింది. ప్రతి ఆదివారం వినే మాటే. కానీ ఇవాళ అది విని ఊరుకుంటే రేపటి నుంచి తన ముఖం తనే అద్దంలో చూసుకోలేదు. కేరేజీ బల్ల మీద పెట్టి, మూత కూడా తీయకుండా, సుద్దముక్క అందుకుంది.

తిన్నాక రాద్దువుగానీలే అన్నాడు తమ్ముడు. ఆవిడ రాసింది.

నీ పాత పరీక్ష మళ్లీ చేశాం.

అతని ముఖం మారింది. మళ్లీ వచ్చిందా అని అడిగాడు, ఈసారి గొంతు చాలా తగ్గించి. ఆవిడ అడ్డంగా తల ఊపింది. రాలేదు. అప్పట్లో నేను తప్పు చెప్పాను, అని రాసింది. ఆ తర్వాత ఎలా చెప్పాలో తెలియక రేకు వంక చూస్తూ ఉండిపోయింది. జన్యువులు, ప్రోటీన్లు వాడికేం తెలుస్తాయి. బల్ల మీద నట్లూ బోల్టులూ చిందరవందరగా పడి ఉన్నాయి. వాటిని చూసి మళ్లీ రాసింది.

బోల్టు రంగు మారింది. సైజు మారలేదు. పాత స్పానరే పట్టేది. నా పట్టీ రంగు మాత్రమే చూసింది.

తమ్ముడు రెండుసార్లు చదివాడు. మూడోసారి పెదవులు కదుపుతూ చదివాడు. పని తెలిసినవాడు, అతనికి ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు.

"అంటే మామూలు మాత్రలు పనిచేసేవా?"

ఆవిడ తల ఊపింది.

"మరి సూదులు?"

అక్కర్లేదు, అని రాసింది.

అక్కడితో ఆపేయవచ్చు. అప్పటి నియమం అది, ఎవరి తప్పూ కాదు, అని ఒక్క ముక్క రాసి సుద్ద కింద పెడితే తమ్ముడు నిట్టూర్చి, మన రాత అలా ఉంది అక్కా అని, కేరేజీ మూత తీసేవాడు. గీతలమ్మకు అది బాగా తెలుసు. రేకు మీద చోటు కూడా అయిపోయింది. ఆవిడ చీర చెంగుతో డ్రైవరు రాసిన చక్రం చప్పుడు తుడిచేసి, ఆ చోట చిన్న అక్షరాలతో మిగతాది రాసింది. ఆరు వారాలకే ఇంకో పరీక్ష నిజం చెప్పింది. నన్నే అడిగారు. నమ్మొద్దని నేనే రాశాను. అప్పటికి నీకు వినబడుతోంది.

తమ్ముడు ఆ చివరి మాట కింద వేలు పెట్టి చదివాడు. రోడ్డు మీద ఏదో లారీ హారన్ కొడుతూ పోయింది. గీతలమ్మ ఒక్కతే విన్నది.

"ఎందుకు నమ్మలేదు?"

నువ్వు పోతావని భయమేసింది, అని రాసింది. సుద్దముక్క విరిగి కింద పడింది.

అతను అరవలేదు. అరిచినా ఆవిడకు ఊరటగా ఉండేది. కారు దగ్గరికి వెళ్లి, గాల్లోకి లేచిన చక్రం ముందు చతికిలబడి, దాన్ని ఒక చేత్తో తిప్పుతూ రెండో చేతి వేళ్లు ఇరుసు మీద పెట్టాడు. చప్పుడు పోయాక అతను నేర్చుకున్న వైద్యం అది, వేళ్లతో వినడం. చక్రం తిరిగి తిరిగి ఆగింది. మళ్లీ తిప్పాడు. వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు చిన్నప్పుడు ఆవిడ చంకనెక్కించుకుని మోసినవాడి వీపే. వెళ్లి దాని మీద చెయ్యి వేయాలని ఉంది, వేసే హక్కు ఉందో లేదో తెలియలేదు.

"ఐదేళ్లుగా ఊరందరికీ చెప్పుకున్నానక్కా," అన్నాడు తిరగకుండానే. "చెవులు పోతే పోయాయి, ప్రాణం మిగిలింది అనుకున్నాను. అలా అనుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు నేనేమనుకోవాలి?"

ఏం చెప్పాలన్నా, వెనక్కి తిరిగి ఉన్నవాడికి ఎలా చెబుతుంది. ఆవిడ కేరేజీ పక్కన కూర్చుంది. ఆదివారం గంట అయిపోయిందనీ, వచ్చే ఆదివారం ఉండదనీ, ఇకనుంచి ఏ రోజైనా ఒకటేననీ అనుకుంది. కళ్ల నీళ్లు వస్తే తుడుచుకోలేదు. చూసేవాళ్లెవరు.

అప్పుడు చక్రం ఆగింది. తమ్ముడు నెమ్మదిగా తిరిగాడు. అతని ముఖంలో కోపం కోసం ఆవిడ వెతికింది, కానీ అక్కడ కోపం లేదు. ఏదో లెక్క కడుతున్నట్టున్నాడు.

"ఒకటి చెప్పు. ఈ రంగు మారిన బోల్టు... నా క్రిమికి ఉంది కదా. అది నా నుంచి ఇంకొకరికి అంటుకుంటే వాళ్లలో కూడా ఇలాగే ఉంటుందా?"

ఇది తన పని. ఇలాంటి ప్రశ్నకు గీతలమ్మ నిద్రలో కూడా జవాబు చెబుతుంది. విరిగిన సుద్ద తీసుకుని గబగబా రాసింది. ఉంటుంది. క్రిమితో పాటే పోతుంది. ఏళ్ల తరబడి నిద్రపోయి లేచినా మారదు. వాళ్లకి పట్టీ పరీక్ష చేసినా గీత రాదు, మళ్లీ అదే తప్పు

రాస్తూ ఉన్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది.

ఎవరికి, అని రాయబోయింది. అక్షరాలు పడలేదు. నోటితోనే అడిగింది. అతను ఆవిడ పెదవులు చూశాడు.

"పిట్టకి."

పిట్ట అంటే అతని కూతురు. వసపిట్ట అని ఆవిడ పెట్టిన ముద్దుపేరే అది. పుట్టి మాటలు వచ్చిన నాటి నుంచి నోరు మూసింది లేదు. తండ్రికి జబ్బు చేసినప్పుడు దానికి తొమ్మిదేళ్లు, ఒకే గదిలో పడుకునేవాళ్లు. ఇప్పుడు పద్నాలుగు. తమ్ముడు మాటలు కూడదీసుకుంటూ చెప్పుకొచ్చాడు. రెండు నెలలుగా దగ్గట. నెల కిందట పరీక్ష చేశారట. బడిలో తెలిస్తే పిల్లను దూరం పెడతారని వాళ్లమ్మ ఎవరికీ చెప్పొద్దందట, అక్కకు కూడా. తనూ పోనీలే అనుకున్నాడు, అక్క కంగారు పడుతుందని. రిపోర్టు ఫొటో తీసి పంపారు. గీత రాలేదు, ఎర్ర క్యాప్సూల్ పనిచేయదు అని తన పాత చీటీ మీద ఏ ముక్క ఉందో సరిగ్గా అదే ముక్క దాని చీటీ మీదా ఉంది. సూదులకు బదులు ఇచ్చే కొత్త రకం మాత్రలు ఆ ఊరి ఆసుపత్రికి ఇంకా రాలేదట. సూదులు మొదలుపెట్టి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు.

"ఆపేయమని చెప్పనా?" అన్నాడు. "ఇప్పుడే చెప్తాను. నువ్వు ఊ అను చాలు."

గీతలమ్మ నోరు తెరిచింది, ఊ మాత్రం అనలేకపోయింది. పిల్లకు తండ్రి క్రిమే అంటుకుని ఉంటే ఆ సూదులు శుద్ధ దండగ, రోజుకొకటి చొప్పున చెవులను తినేస్తాయి. కానీ క్షయ ఒక్క తండ్రి నుంచే రావాలని ఏముంది. బస్సులోనో బడిలోనో ఇంకెవరి దగ్గరో అంటుకుని ఉంటే, అక్కడ మారింది రంగు కాక నిజంగా సైజే అయితే, సూదులు ఆపిన రోజు నుంచి జబ్బు ముదురుతుంది. తేల్చాలంటే ఆ పిల్ల నమూనా కావాలి, అది ఆ ఊరి లాబ్‌లో ఏదో నంబరుతో ఏదో గూట్లో ఉంటుంది, ఇక్కడి యంత్రానికి చేరాలి. ఇవాళ ఆదివారం. ఐదేళ్ల కిందట కలం పట్టుకుని నిలబడిన చోటే ఆవిడ ఇవాళ సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉంది. కాకపోతే ఈసారి అడుగుతున్నది తమ్ముడే.

పిల్ల ఇప్పుడు ఎలా ఉందని ఆవిడ సైగ చేసి అడిగింది.

తమ్ముడు పనిముట్ల సొరుగు లాగి, గ్రీజు మరకల ఫోను తీసి, చొక్కాతో అద్దం తుడిచి, ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టి, తను ఎదురుగా ఉండలేనట్టు బోర్డు వైపు, బయటికి నడిచాడు.

పొద్దున ఏడున్నరకు పిట్ట పంపిన మెసేజ్. నాన్నా, నిన్నటి నుంచి ఎడమ చెవిలో ఒకటే హోరు. ఈల వేస్తున్నట్టు కూడా ఉంది. అమ్మకి చెప్పలేదు. నీకూ ఇలాగే మొదలైందా?

దాని కింద, ఏడూ నలభైకి, తండ్రి ఇచ్చిన జవాబు.

ఓర్చుకో తల్లీ. మీ అత్తయ్య చూసి చెప్పిన మందు ఇదే, నన్ను బతికించింది ఇదే. ఒక్క సూది కూడా మానొద్దు.